ఆరేళ్ళ పిల్లకు హక్కులంటే ఎలా చెప్పాలి?

అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాపకు హక్కులు, సమానత్వం గురించి చెప్పడానికి మంచి పుస్తకం ఏదని ఫోన్‌లో అడిగావు. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ వంటింట్లో గ్లాసులు చూడు. పనికి వచ్చే ఆమెకు కాఫీ ఇచ్చే గ్లాసు మిగతావాటితో కలిసి ఉందా, కిటికీ దగ్గర విడిగా బోర్లించి ఉందా? విడిగా ఉంటే నువ్వెన్ని కథలు చెప్పినా పాప ఆ గ్లాసునే నమ్ముతుంది. మీ అత్తగారితో గొడవ పెట్టుకోమనడం లేదు. ఒకే రకం స్టీలు గ్లాసులు డజను కొనుక్కొచ్చి, పాతవి అటకెక్కించు. అప్పుడు ఏది ఎవరిదో మీ అత్తగారికీ గుర్తుండదు. ఇంకొకటి, పనికి వచ్చే ఆమెను పేరు పెట్టి పిలవొద్దని పాపకు చెప్పు. వయసును బట్టి అక్కా అనో, అవ్వా అనో పిలవాలి.

పాప, తమ్ముడు కొట్టుకున్నప్పుడు “పెద్దదానివి, నువ్వే సర్దుకో” అనకు. ఇద్దరినీ అడుగు. ఒకరు చెప్పేటప్పుడు రెండోవాళ్ళు మధ్యలో దూరకూడదు. కోర్టులో జరిగేదీ అదే కదా. తిన్న కంచం తమ్ముడు కూడా తీయాలి. నాలుగేళ్ళవాడికీ చేతులున్నాయి. మీ ఆయనకూ ఉన్నాయి, ఆ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

తిరుపతిలో ఉండి కొండకు వెళ్ళకుండా ఎలాగూ ఉండరు. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో కూర్చుని విసుగెత్తాక, “వాళ్ళెందుకు మనకన్నా ముందు పోతున్నారు?” అని పాప అడుగుతుంది. “దేవుడి దగ్గర అలా అడక్కూడదు” అని నోరు మూయించకు. వృద్ధులకు, దివ్యాంగులకు, చంటిబిడ్డల తల్లిదండ్రులకు వేరే దారి ఉందని, వాళ్ళు అంతసేపు ఉండలేరు కాబట్టి అలా పంపుతారని చెప్పు. హోదా ఉన్నవాళ్ళు బ్రేక్ దర్శనానికి వెళ్తారు. ఈ రెండూ ఒకటేనా అని తననే అడుగు. ఏం చెబుతుందో విను, దిద్దాలని తొందరపడకు. దర్శనమయ్యాక వెంగమాంబ అన్నప్రసాద భవనంలో తినండి. ఏ క్యూలో వచ్చారని అక్కడ ఎవరూ అడగరు. పక్కన ఎవరొస్తే వాళ్ళతోనే కూర్చుని తినడం.

అంబేడ్కర్ గారి గురించి చెప్పేటప్పుడు రాజ్యాంగంతో కాదు, నీళ్ళతో మొదలుపెట్టు. దాహం ఏ పిల్లకైనా తెలుసు. మహారాష్ట్రలోని మహాడ్‌లో చవదార్ అనే చెరువుంది. దాన్ని అందరూ వాడుకోవచ్చని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. అయినా దళితులను నీళ్ళు ముట్టనివ్వలేదు. 1927 మార్చి 20న ఆయన జనంతో కలిసి నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. తిరిగి వెళ్ళేవాళ్ళ మీద దాడి చేశారు, చెరువు మైలపడిందని శుద్ధి కూడా చేయించారు. “తాగొచ్చని రాశాక కూడా ఎందుకు ఆపారు?” అని పాప అడిగితే అక్కడ ఆగి, ఎంతసేపైనా మాట్లాడు. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఇప్పుడు నీకు తెలిస్తే చాలు. మన రాష్ట్రంలో ప్రతి నెలా 30న పల్లెల్లో పౌరహక్కుల దినం జరుపుతారు, రెవెన్యూవాళ్ళు, పోలీసులు వచ్చి మాట్లాడతారు. పాకాల వైపు మీ ఊరికి వెళ్ళినప్పుడు ఆ తేదీ కలిస్తే పాపను తీసుకెళ్ళు. ఉపన్యాసాలు బోరు కొడతాయనుకో, అయినా ఊరి జనమంతా ఒకేచోట ఎలా కూర్చున్నారో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూస్తుంది.

ఇక నీకు టెన్షన్ పెట్టే ప్రశ్న ఒకటి రాబోతోంది. స్కూల్లో ఎవరో “మీరేమిట్లు?” అంటారు, ఇంటికొచ్చి “అమ్మా, మనమేమిట్లు?” అని నిన్నడుగుతుంది. మనకు కులం లేదని అబద్ధం చెప్పకు, రేపు ఎవరి పెళ్ళిలోనో తెలిసిపోతుంది. ఉన్నది చెప్పు. దానివల్ల మనం ఎవరికన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదని చెప్పు. ఆ ప్రశ్న తను మాత్రం ఎవరినీ అడగొద్దను. వాళ్ళంతట వాళ్ళు చెబితే విని, ఆట కొనసాగించమను.

ఉంటాను,
పెద్దమ్మ