తూము ఎవరి చేతిలో ఉండాలి?

మనిషి పుట్టుకతో మంచివాడా చెడ్డవాడా అన్నది తేలితే ఎలాంటి ప్రభుత్వం కావాలో కూడా తేలిపోతుందా అని అడిగారు. డిగ్రీలో నేనూ అలాగే చదువుకున్నాను: ఇంగ్లిష్ తత్వవేత్త హాబ్స్‌కు మనిషి మీద నమ్మకం లేదు కాబట్టి తిరుగులేని రాజు కావాలన్నాడు, ఆ తర్వాతి శతాబ్దపు తత్వవేత్త రూసోకు ఉంది కాబట్టి ప్రజలే సార్వభౌములన్నాడు. పరీక్షకు అది సరిపోయింది. విషయం ఒంటబట్టింది మాత్రం మా తాతయ్య ఊరి చెరువు కింద.

ఆ ఏడు వానలు సరిగా లేవు. చెరువు నీళ్లు వంతుల మీద వదులుతున్నారు. తాతయ్య నలుగురి తగవులు తీర్చే మనిషి, ఒకరి సొమ్ముకు ఆశపడడు. అలాంటివాడు ఒక రాత్రి నా చేతికి లాంతరు ఇచ్చి వెంట తీసుకెళ్లి, పక్కవారి వంతులో కాలువకు గండి కొట్టి మా మడికి నీళ్లు మళ్లించాడు. తెల్లవారకముందే, తూము తీసి మూసి వంతుల ప్రకారం నీళ్లు వదిలే నీరుగట్టి వచ్చాడు. పారతో నాలుగు పెళ్లలు మట్టి వేసి గండి పూడ్చి, మా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. తాతయ్యా నోరెత్తలేదు. దారిలో మాత్రం అన్నాడు: "అతనికి ఆయకట్టులో సెంటు భూమి లేదు. అందుకే తూము అతని చేతిలో పెట్టాం." నీరుగట్టికి జీతం కూడా కళ్లం దగ్గర అందరూ కొలిచే ధాన్యమే. ఎవరి పంట ఎండినా అతని గింజలు తగ్గుతాయి.

ఆ తర్వాత హాబ్స్‌ను మళ్లీ చదివితే వేరే సంగతి కనిపించింది. ఇంగ్లండ్ అంతర్యుద్ధం చూసి భయపడి 1651లో 'లెవయతాన్' రాసిన ఆయన అందరినీ అనుమానించాడు, ఒక్క పాలకుణ్ణి తప్ప. తర్వాత వచ్చిన ఇంగ్లిష్ తత్వవేత్త లాక్ దెప్పింది అక్కడే: అడవిపిల్లులకూ నక్కలకూ భయపడి సింహం నోట్లో తల పెట్టడమే క్షేమమా అని. అమెరికా రాజ్యాంగం రూపొందించినవారిలో ఒకడైన మాడిసన్ 1788లో ఆ అనుమానాన్ని పాలకుల మీదికే తిప్పాడు. మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కరలేదు, కానీ పాలించేవారూ మనుషులే కాబట్టి ప్రభుత్వం తనను తాను అదుపు చేసుకునే ఏర్పాటు ఉండాలన్నాడు. మన కౌటిల్యుడు ఇంకా కటువు. నాలుక మీద తేనె పెట్టుకుని రుచి చూడకుండా ఉండలేనట్టే, రాజు సొమ్ము చేతిలో ఉన్నవాడు కొంచెమైనా తినక మానడంటాడు, దోచే పద్ధతులు నలభై లెక్కపెడతాడు. రాజు విషయంలో మాత్రం ఎక్కువ భారం ఇంద్రియాలను జయించడం మీదే వేస్తాడు, అక్కడే నాకు పేచీ.

కాబట్టి నేనైతే ఏ సిద్ధాంతం చదివినా మనిషిని మంచివాడన్నదా చెడ్డవాడన్నదా అని చూడను. తూము ఎవరి చేతిలో పెట్టింది, వాడికి కింద మడి ఉందా అని చూస్తాను.

తాతయ్య మాటలో ఒక లోపం నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నీరుగట్టికి భూమి లేకపోవడం నీళ్ల పంపకం కోసం ఎవరో ఆలోచించి పెట్టిన ఏర్పాటు కాదు. అతని కులానికి ఆ ఊళ్లో భూమి దక్కనివ్వలేదు, అంతే. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్, ముసాయిదా రాజ్యాంగం గ్రామాన్ని వదిలి వ్యక్తిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. చెరువు కింద పెరిగిన నాకు ఆ మాట మొదట్లో మింగుడు పడలేదు. ఆ నీరుగట్టిని తలచుకున్నాకే అర్థమైంది.