సంచీని క్యూలో నిలబెట్టండి

కమ్యూనిస్టు నియంత చౌషెస్కు పాలన నాటి రుమేనియాలో మామూలు మనుషుల గురించి కథలు రాస్తున్న పాఠకులు పంపిన సందేహాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నా కథ 1980ల బుకారెస్ట్‌లో జరుగుతుంది. ఒక తల్లి బ్రెడ్ కార్డు పట్టుకుని తెల్లవారుజామున క్యూలో నిలబడడంతో మొదలవుతుంది. చదివినవాళ్లు "మన కిరోసిన్ క్యూలాగే ఉంది కదా" అంటున్నారు. ఏం తక్కువైంది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ కార్డు తీసేయండి. బ్రెడ్ రేషన్ బుకారెస్ట్ బయటి ఊళ్లలో ఉండేది, రాజధానిలో కాదు. అమ్మ చేతిలో కార్డే ఉండాలనుకుంటే కథను వేరే ఊరికి మార్చండి.

ఇక క్యూ సంగతి. మన కిరోసిన్ క్యూలో ఏం ఇచ్చేవారో, కార్డు మీద ఎన్ని లీటర్లు వచ్చేవో ముందే తెలిసేది. అక్కడ తెలియదు. వరస కనబడగానే ముందు చేరిపోయి, ఆ తరవాత ముందున్న మనిషిని అడిగేవారు: "ఏం ఇస్తున్నారు?" అమ్ముతున్నారు అనేవారు కాదు, ఇస్తున్నారు అనేవారు. జేబులో డబ్బున్నా కొనడానికి సరుకు లేని రోజులవి. మీ సంభాషణల్లో ఆ మాటను అలాగే ఉంచండి.

"1980లు" అని పదేళ్లనీ ఒకే ముద్ద చేయకండి. 1981 నాటికి దేశం విదేశీ అప్పు దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు. దాన్ని పూర్తిగా తీర్చెయ్యాలని చౌషెస్కు పట్టుబట్టి తిండి సరుకుల్ని ఎగుమతికి మళ్లించాడు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఒక కుటుంబానికి నెలకు సరిపడేదానికి మించి నూనె, చక్కెర, పిండి లాంటివి కొని దాచుకుంటే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. కాబట్టి 1982లో మీ తల్లి మంచం కింద ఉన్న రెండో చక్కెర బస్తా ఆమెకు ధీమా ఇవ్వదు, భయపెడుతుంది. 1989 వసంతంలో అప్పు తీరిపోయిందని ప్రకటించారు. అయినా దుకాణాలు నిండలేదు. ఆ ఏడాది నడిచే కథలో ఆశపడి మోసపోయిన మనుషులుండాలి.

క్యూలో మనిషే నిలబడాలని లేదు. ఖాళీ సంచీ నేల మీద పెట్టి వెళ్లేవారు, అది వాళ్ల చోటు. తాతలూ అమ్మమ్మలూ ఇంటిల్లిపాది తరఫున నిలబడేవారు. ఒక్కోచోట ఎవరో ఒకరు పేర్ల జాబితా రాసేవారు. పిలిచినప్పుడు పలకకపోతే పేరు కొట్టేసేవారు. మరుగుదొడ్డికి వెళ్లివచ్చేసరికి చోటు పోవడం కూడా ఒక సన్నివేశమే. లారీ వచ్చి సరుకు దింపేదాకా ఎంతమందికి సరిపోతుందో ఎవరికీ తెలియదు.

చివరికి దొరికేది ఏమిటి? పంది కాళ్లు. వాటికి జనం పెట్టిన పేరు "అడిడాస్". లేదంటే కోడి మెడలు, రెక్కలు, గోళ్లు. కాఫీ పొడి బదులు ధాన్యం మాడ్చి కలిపిన పొడి. గుర్రం సకిలింపును తెలిపే మాట నుంచి దానికి "నెకెజోల్" అనే పేరు పుట్టింది.

మీ సన్నివేశం దుకాణం దగ్గర ఆగిపోకూడదు. పంది కాళ్లు ఉడకడానికి మూడు నాలుగు గంటలు కావాలి. సాయంత్రం అందరూ పొయ్యి వెలిగించే వేళకు గ్యాస్ ఒత్తిడి పడిపోయి మంట నీలిచుక్కలా మిగిలేది. అందుకే చాలా ఇళ్లలో వంట అర్ధరాత్రి దాటాక. తెల్లవారుజామున క్యూ, పగలు ఫ్యాక్టరీ, అర్ధరాత్రి వంట: ఈ లెక్క వేసి చూడండి, ఆమె నిద్రపోయేది ఎప్పుడు? బిడ్డ మీద విసుక్కునేది ఎందుకు? కథ అక్కడుంది.

ప్రశ్న: నా కథానాయకుడు పక్కింటి టైప్‌రైటర్ అరువు తెచ్చుకుని, ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఒక్కసారే ఇరవై ప్రతులు టైపు చేస్తాడు. నమ్మేలా ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇరవై కుదరదు. కార్బన్ కాగితాలు పెట్టి మామూలు కాగితం మీద కొడితే అయిదారు ప్రతుల తరవాత అక్షరాలు మసకబారతాయి. ఇరవై కావాలంటే అదే పేజీ నాలుగుసార్లు కొట్టాలి. ఆ చప్పుడు గోడ అవతలికి వినిపిస్తుంది. కథకు అది మంచిదే, వాడుకోండి.

అరువు సంగతి ఇంకా పెద్దది. 1983 ఉత్తర్వు 98 ప్రకారం ప్రతి టైప్‌రైటర్‌నూ మిలీషియా (అప్పటి మామూలు పోలీసు) దగ్గర నమోదు చేయించాలి, ఏటా దాని అక్షరాల నమూనా ఇవ్వాలి. అరువివ్వడం, అద్దెకివ్వడం నిషేధం. నమూనా ఎందుకంటే, వాడుకలో ఒక్కో మిషన్ అక్షరాలు ఒక్కోలా అరుగుతాయి. ఒకదాంట్లో ఒక అక్షరం కాస్త పైకి పడుతుంది, ఇంకోదాంట్లో సున్నా లోపల సిరా నిండిపోతుంది. దొరికిన కరపత్రాన్ని నమూనాలతో పోల్చి చూస్తే మిషన్ ఎవరిదో తేలుతుంది. అంటే ముందు పట్టుబడేది మీ కథానాయకుడు కాదు, పక్కింటాయన. మీ చిత్తుప్రతిలో ఆయన రెండు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోతున్నాడు. ఆయన మిషన్ ఇవ్వడానికి ఒప్పుకున్న రాత్రిని పూర్తిగా రాయండి.

ఇంకో చిన్న సవరణ: "పోలీసులు" అని రాశారు. ఆ రోజుల్లో అక్కడ ఉన్నది మిలీషియా. రహస్య పోలీసు విభాగం సెకురితాతే. రెండూ వేరు.

ప్రశ్న: రాత్రి రహస్యంగా "రేడియో ఫ్రీ యూరప్" (అమెరికా డబ్బుతో నడిచే విదేశీ రేడియో) వింటుంటే ప్రభుత్వం గరగరలు కలిపి అడ్డుకుంటుందని రాశాను. సరేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సోవియట్ యూనియన్ అయితే సరే. రుమేనియా 1963లోనే అలా అడ్డుకోవడం మానేసింది. మ్యూనిక్ నుంచి వచ్చే ఆ ప్రసారం బాగానే వినిపించేది. ప్రమాదం పక్కింటి చెవుల నుంచి. గరగరల బదులు, మనిషి రేడియోకి చెవి ఆనించి శబ్దం తగ్గించే తీరు రాయండి. టీవీ కూడా ఉంటే గుర్తుంచుకోండి: 1985 నుంచి ఒకే చానెల్, మామూలు రోజుల్లో రెండు గంటలు. అందుకే బుకారెస్ట్ వాళ్లు డాబాల మీద యాంటెన్నాలు కట్టి బల్గేరియా టీవీ పట్టేవారు.

ప్రశ్న: స్నేహితుడే తన మీద నిఘా రిపోర్టులు ఇచ్చాడని నా పాత్రకు 1990లో, తన ఫైలు చదివినప్పుడు తెలుస్తుంది. ముగింపు బాగుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సంవత్సరం కుదరదు. సెకురితాతే ఫైళ్లు బాధితులు చూసుకునే వీలు కల్పించిన చట్టం 1999లో వచ్చింది. మీ పాత్రకు పదేళ్ల వయసు పెంచండి. తల్లిదండ్రులు అప్పటికి ఉన్నారో లేదో చూసుకోండి.

ఫైల్లో స్నేహితుడి అసలు పేరు ఎదురుగా కనబడదు. నిఘాకు ఒప్పుకున్నవాళ్లతో హామీపత్రం రాయించి, మారుపేరు పెట్టేవారు. రిపోర్టుల కింద ఉండేది ఆ మారుపేరే. కాబట్టి మీ పాత్ర చదువుతూ పోల్చుకోవాలి: ఆ పుట్టినరోజు నాడు గదిలో ఉన్నది నలుగురమే, ఆ జోకు నేను చెప్పింది వంటింట్లో, అప్పుడు తలుపు దగ్గర నిలబడింది ఎవరు? ఆ స్నేహితుణ్ని పూర్తి దుర్మార్గుణ్ని చేయకండి. కొడుకు కాలేజీ సీటు కోసమో, తన పాత తప్పు బయటపడుతుందన్న బెదిరింపు వల్లో సంతకం పెట్టి ఉండొచ్చు. రిపోర్టుల్లో ఏం రాశాడో, తెలిసి కూడా ఏం రాయకుండా వదిలేశాడో, ఆ రెండో జాబితా కూడా మీ పాత్ర చేత వేయించండి.