మౌంట్ మోర్గన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ మౌంట్ మోర్గన్ వ్యాసం నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి చదివాను. చాలా కష్టపడ్డావు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఆ ఊరు ఎక్కడుంది, అక్కడి బంగారు గని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు మూతపడింది, అన్నీ సరిగ్గానే రాశావు. అయినా మూడో పేజీకి వచ్చేసరికి నాకు పట్టు జారిపోయింది. ఎందుకా అని వెనక్కి వెళ్లి చూస్తే, నువ్వు సగం భూగర్భ శాస్త్రానికి, సగం గని చరిత్రకి పంచేశావు. మొదటి సగంలో మనుషులు లేరు, రెండో సగంలో రాయి లేదు. మిగతా గనుల సంగతేమో గానీ ఈ కొండ విషయంలో మాత్రం అలా పంచితే కథే చచ్చిపోతుంది, ఎందుకంటే అక్కడ మనుషులు చేసిన ప్రతి పనికీ కింద ఒకటే రసాయన చర్య ఉంది.

నా దగ్గర రెండు రాళ్లున్నాయి. మౌంట్ మోర్గన్‌వి కావు గానీ ఆ జాతివే, ఒక జియాలజిస్టు మిత్రుడు ఇచ్చాడు. మొదటిది తుప్పు రంగుది, సైజుకి తగ్గ బరువు లేదు, చేత్తో పట్టుకుంటే వేళ్లకి ఎర్రటి పొడి అంటుతుంది, లోపలంతా చిన్న చిన్న చదరపు గూళ్లు, తేనె పట్టు గూళ్లలా ఖాళీగా. రెండోది ఇత్తడిలా మెరిసే పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, చేతిలో పెడితే ఇంత చిన్న ముక్క ఇంత బరువేంటి అనిపిస్తుంది. మొదటి రాయిలో ఆ చదరపు గూళ్లున్నాయే, ఒకప్పుడు వాటిలో కూర్చున్నది ఇలాంటి పైరైట్ గింజలే. గాలి, నీళ్లు తగిలి పైరైట్ కుళ్లిపోయింది, గంధకం ఆమ్లమై పోయింది, ఇనుము తుప్పై మిగిలింది. ఈ పైరైట్ ముక్కని ఒక వానాకాలం సొరుగులో పెట్టి మర్చిపోయాను. తీసి చూస్తే మీద తెల్లటి, పచ్చటి పొడి, దాన్ని చుట్టిన కాగితం ముట్టుకుంటే నలిగి రాలిపోయింది, కింద పెట్టిన చీటీ మీద అక్షరాల్లేవు. రాతిలోంచి పుట్టిన ఆమ్లం తినేసింది.

ఇక నీ వ్యాసంలోకి రా. 1882లో ఫ్రెడరిక్ మోర్గన్, అతని సోదరులు అక్కడ గని హక్కు తీసుకున్నారని ఒక వాక్యంలో చెప్పేసి ముందుకు పోయావు. అక్కడ ఆగాలి. ఆ కొండని అప్పటికి ఐరన్‌స్టోన్ మౌంటెన్ అనేవాళ్లు. వాళ్లకి కనిపించింది నా మొదటి రాయి లాంటిదే, కానీ కొండంత! కింద ఉన్న సల్ఫైడ్ ఖనిజం, అంటే పైరైట్‌లా గంధకంతో కలిసిన ఖనిజం, దాని పైభాగం లక్షల ఏళ్ల పాటు గాలికీ వానకీ కుళ్లి, రాగి, వెండి కరిగి వెళ్లిపోయి, ఎంతకీ కరగని బంగారం మాత్రం తుప్పులోనూ, స్ఫటిక శిలలోనూ చిక్కుకుని మిగిలింది. అక్కడి బంగారం 99.7 శాతం దాకా స్వచ్ఛంగా ఉందని రాశావు కదా, బావుంది, కానీ ఎందుకో చెప్పలేదు. సహజంగా దొరికే బంగారంలో ఎంతో కొంత వెండి కలిసే ఉంటుంది. ఇక్కడ అది లేకపోవడానికి కారణం ఆ కుళ్లడమే అని ఒక్క ముక్క కలుపు, పాఠకుడికి రాయి, చరిత్ర ఒకేసారి అందుతాయి.

అదే బంగారం మరీ సన్నటి ధూళి కావడంతో దంచి పాదరసంతో పట్టే మామూలు పద్ధతికి సరిగ్గా చిక్కలేదు. అందుకే ఖనిజాన్ని వేయించి క్లోరిన్ వాయువుతో బంగారాన్ని కరిగించే పెద్ద కర్మాగారం కట్టాల్సి వచ్చింది. అంత పెట్టుబడి మోర్గన్ సోదరులకి ఎక్కడిది? కొన్నేళ్లలోనే వాటాలు అమ్ముకుని వెళ్లిపోయారు. 1886లో పది లక్షల షేర్లతో కంపెనీ ఏర్పడింది, రెండేళ్లకి షేరు ధర 17 పౌండ్లకి ఎగబాకింది. ఆ వాటాదారుల్లో ఒకడైన విలియం నాక్స్ డార్సీ ఆ డబ్బుతో తర్వాత పర్షియాలో చమురు వెతికించాడు, 1908లో దొరికింది, దాంట్లోంచే నేటి బీపీ కంపెనీ పుట్టింది. ఇంకో వాటాదారు వాల్టర్ హాల్ భార్య ఎలైజా ఇచ్చిన నిధితో మెల్‌బోర్న్‌లో వైద్య పరిశోధన సంస్థ వెలిసింది. డార్సీ మీద నువ్వు పేజీన్నర రాశావు. మోజు నాకూ అర్థమవుతుంది, కానీ అది వేరే వ్యాసం. నాలుగు వాక్యాలకి కుదించు.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టిన పేరా. 1884లో ప్రభుత్వ జియాలజిస్టు రాబర్ట్ లోగన్ జాక్ వచ్చి చూసి, ఇది పాతకాలపు వేడినీటి బుగ్గ వదిలిన మేట అన్నాడు. నువ్వు ఆయన్ని ఎగతాళి చేశావు. ఆయన నిలబడింది కొండ మీద, కళ్లముందున్నది తుప్పు, సిలికా. కింద ఏముందో చూపించే గొయ్యి అప్పటికి లేదు. ఉన్న సాక్ష్యంతో న్యాయంగా ఆలోచించాడు, తర్వాత తవ్వినకొద్దీ సల్ఫైడ్ బయటపడి ఆ మాట నిలవలేదు. ఇప్పటికీ వాదన ముగియలేదు తెలుసా? సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వత శిలల్లో ఈ ఖనిజం ఉంది. అప్పటి సముద్రం అడుగున వేడినీళ్లు వదిలిన నిక్షేపమని కొందరంటారు, పక్కనే కిందినుంచి చొచ్చుకొచ్చిన టోనలైట్ అనే శిల తెచ్చిన ద్రవాల పాత్ర కూడా పెద్దదేనని ఇంకొందరంటారు. నువ్వేమో "సముద్రగర్భంలో ఏర్పడింది" అని తేల్చేశావు. "ఏర్పడింది" వేరు, "ఏర్పడి ఉంటుంది" వేరు, "ఏర్పడిందని అంటారు" వేరు. తెలుగు క్రియ ఇంత వెసులుబాటు ఇస్తుంటే వాడుకోకపోతే ఎలా? సైన్సు రాసేవాడి నిజాయితీ నేను ముందు క్రియాపదాల్లోనే వెతుకుతాను.

అంకెల దగ్గర కూడా తొందరపడ్డావు. మొత్తం 5 కోట్ల టన్నుల ఖనిజం, 250 టన్నుల బంగారం, 3.5 లక్షల టన్నులకి పైగా రాగి, ఇవి మొదటి వాక్యంలోనే గుమ్మరించావు. ఎవరి తలలోనూ నిలవవు. ఇలా చూడు. పొడవు, వెడల్పు, ఎత్తు 70 సెంటీమీటర్ల చొప్పున ఉన్న రాతి దిమ్మ ఇంచుమించు ఒక టన్ను. దాన్నంతా పిండి చేసి వడగడితే సగటున వచ్చే బంగారం 5 గ్రాములు, అంటే ఒక బఠానీ గింజంత. రాగి 7 కిలోలు. వెండి గ్రాముకి అటూ ఇటూ. ఒక మనిషి నడుం దాకా కూడా రాని ఆ దిమ్మని పాఠకుడి ముందు పెట్టి, తర్వాత 5 కోట్లు అను. అప్పుడు దడ పుడుతుంది.

తుప్పు పొర అయిపోయాక ఏమైందో నీ వ్యాసంలో చప్పగా ఉంది, నాకు మాత్రం కథ అక్కడే మొదలవుతుంది. లోతుకి పోయినకొద్దీ గాలి తగలని ఖనిజం వచ్చింది, రాగి కరిగిపోకుండా అలాగే ఉంది. బంగారం కంపెనీ కాస్తా 20వ శతాబ్దం మొదట్లో రాగి కొలుములు వెలిగించింది. అంటే రాయి మారింది కాబట్టే వ్యాపారం మారింది. 1925లో అండర్‌గ్రౌండ్‌లో మంటలంటుకుంటే ఆర్పడానికి గని మొత్తాన్ని నీళ్లతో నింపాల్సి వచ్చింది, 1927లో కంపెనీ మూతపడింది. తర్వాత కొత్త కంపెనీ వచ్చి 1930లలో ఓపెన్ కాస్ట్, అంటే పైనుంచి గొయ్యిలా తవ్వడం, మొదలుపెట్టి, 1981 దాకా తవ్వింది. (నువ్వు "బహిరంగ ఖనన విధానం" అన్నావు. గనుల్లో పనిచేసే మనవాళ్లందరూ ఓపెన్ కాస్ట్ అనే అంటారు, అదే రాయి.) తర్వాత 1990 దాకా పాత టైలింగ్స్‌నే, అంటే ఖనిజం తీసేశాక పారబోసిన పిండినే, మళ్లీ శుద్ధి చేసి బంగారం తీశారు. కొండ ఉన్నచోట ఇప్పుడు గొయ్యి ఉంది.

ఆ గొయ్యి నిండా ఆమ్లపు నీళ్లు. పక్కనే డీ నది. దాని నీళ్లు కొన్ని చోట్ల నీలి ఆకుపచ్చ రంగులోకి తిరిగాయని చివర్లో ఒక వాక్యం రాసి, "పర్యావరణ కాలుష్యం జరిగింది" అని ముగించావు. ఇలా ముగిస్తే ఎట్లా తమ్ముడూ! నా సొరుగులో కాగితాన్ని తిన్నది ఏదో ఆ నదిని తిన్నదీ అదే. మోర్గన్ సోదరులని పిలిచిన ఎర్ర కొండని చేసిందీ అదే. ప్రకృతి పైనుంచి నెమ్మదిగా లక్షల ఏళ్లలో చేసిన పనిని, మనం కోట్ల టన్నుల రాయిని పగలగొట్టి, పిండి చేసి, గాలికీ వానకీ ఒకేసారి అప్పగించి, వందేళ్లలో చేయించాం. పాఠకుడికి ఈ సంగతి నది దగ్గరికి వచ్చేసరికి తనంతట తనే తట్టాలి. అందుకే తుప్పు గురించి మొదట్లోనే అంత ఓపికగా చెప్పమంటున్నాను. నీళ్లని సున్నంతో శుద్ధి చేస్తున్నారు, అదీ రాయి. ఎన్నాళ్లు చెయ్యాలో ఆలోచించమని పాఠకుణ్ని అక్కడ కాసేపు వదిలెయ్యి.

ఇంకొకటి నీ కంటికి ఎలా దాటిపోయిందో. ఇటుకల కోసం ఆ ఊళ్లో బంకమట్టి తవ్విన సొరంగాలున్నాయి. మట్టి తీసేశాక పైకప్పుగా మిగిలిన ఇసుకరాతికి 1950లలో డైనోసార్ల పాదముద్రలు కనిపించాయి. జురాసిక్ కాలంలో అవి నడిచింది బురద మీద, ఆ గుంటల్లోకి ఇసుక చేరి రాయైంది. బురదని మనుషులు ఇటుకలు చేసుకుపోయారు, అడుగులు మాత్రం తలపైన ఉండిపోయాయి. ఇది ఎక్కడ పెట్టాలో నువ్వే చూసుకో, మొదట్లో మాత్రం వద్దు, మిగతాదాన్ని మింగేస్తుంది.

ముందు ఆ నది పేరా తిరగరాసి పంపు, మిగతాది తర్వాత. నీ అడ్రస్ కూడా పెట్టు, నా పైరైట్ ముక్క నీకు పంపిస్తాను. మూత బిగించిన గాజు సీసాలో వస్తుంది, కాగితంలో చుట్టొద్దు.

అన్నయ్య