హైదరాబాద్ రోడ్ల మీద ఇంత రద్దీకి జనాభా పెరగడం ఒక్కటే కారణమా?

ఒక్కటే కాదు. మా ఇంటి లెక్కే చెబుతాను.

మాది చిక్కడపల్లి. 1990లలో ఇంట్లో ఐదుగురం. రోజూ బస్సెక్కేది నాన్నగారొక్కరే, కోఠి దాకా. చెల్లెలూ నేనూ బడికి నడిచి వెళ్లేవాళ్లం. నానమ్మ పెళ్లికో పేరంటానికో తప్ప గడప దాటేది కాదు. ఇప్పుడూ అదే ఇల్లు, ఐదుగురమే. తెల్లారితే తలోదిక్కు.

ఉద్యోగాలు పడమటికి జరిగాయి. 1998లో సైబర్ టవర్స్ కట్టినప్పుడు మాదాపూర్ అంటే మాకు ఊరవతల. ఇప్పుడు రోజూ పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో మారి రాయదుర్గం వెళుతున్నాను. అబ్బాయి కాలేజీ బస్సు ఘట్‌కేసర్ వైపు పోతుంది. ఇదంతా అందరికీ తెలిసిందే. అసలు మార్పు ఆడవాళ్ల ప్రయాణాల్లో వచ్చిందని నేనంటాను.

నా భార్యది హిమాయత్‌నగర్‌లో బ్యాంకు ఉద్యోగం. సాయంత్రం అక్కణ్ణుంచి ట్యూషన్‌కు, పాపను ఎక్కించుకుని నారాయణగూడలో కూరగాయలకు, ఆపైన మందుల దుకాణానికి. బస్సులో అయితే ఎన్నిసార్లు దిగి ఎక్కాలి? అందుకే స్కూటీ కొంది. బండ్లు పెరిగిపోయాయని విసుక్కునేవాళ్లు ఈ సంగతీ చూడాలి. (కూరగాయలు నేను తెస్తే ఒక మజిలీ తగ్గుతుందని ఆవిడ అంటుంది. నిజమే.)

అమ్మకు 72 ఏళ్లు. కూకట్‌పల్లిలో చెల్లెలింటికి వెళ్లాలంటే ఇదివరకు మాకు తీరికున్న ఆదివారం కోసం కాచుకునేది. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక, వారానికి మూడుసార్లు ఒక్కతే వెళుతోంది. చెల్లెలు, ఆమె భర్త ఇద్దరూ ఉద్యోగస్థులు. మనవడు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఒకరుండాలి. చేతిసంచిలో పచ్చడి సీసా, ఆధార్ కార్డు. కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో దాస్తుంది. ఇంటికొచ్చాక కూడా పారేయదు.

పదకొండు దాటితే మా దారిలో బస్సులు ఖాళీగా తిరిగేవి. ఇప్పుడా వేళకే అమ్మలాంటివాళ్లతో నిండుతున్నాయి. మగవాళ్లకు సీట్లు దొరకడం లేదనే ఫిర్యాదు తరచూ వింటున్నాను. ఆ మధ్యాహ్నపు జనాన్ని లెక్కలోకి తీసుకుని బస్సులు పెంచాలి గానీ, వాళ్లనెందుకు ఆడిపోసుకోవడం?

మొన్న పన్నెండున్నరకు అమ్మ స్టాపు నుంచి ఫోను చేసింది: "రెండు బస్సులు వదిలేశానురా, కాలు పెట్టే చోటు లేదు. నేనొచ్చేదాకా పిల్లాణ్ణి పక్కింటివాళ్లను చూడమని చెల్లికి చెప్పు."