పూరేకు అంచు ‘సూబరోస్’ ఎలా అవుతుంది?

ప్రశ్న: వృక్షశాస్త్ర పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఒక మొక్క కాండం ‘సూబరోస్’ అని, ఇంకో మొక్క పూరేకు అంచు ‘సూబరోస్’ అని ఉంది. నిఘంటువులో ‘బెండులాంటి’ అన్న అర్థమొక్కటే దొరికింది. పూరేకు అంచు బెండులా ఉంటుందా?

జవాబు: ఉండదు, మీ అనుమానం సరైనదే. ఇంగ్లీషు స్పెల్లింగు (suberose) ఒకటే గాని ఇవి రెండు వేరు మాటలు. మొదటిది లాటిన్ ‘సూబెర్’ నుంచి పుట్టింది. సీసా బిరడాలకు బెరడునిచ్చే ఓక్ చెట్టు పేరది. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఆ చెట్టుకు పెట్టిన శాస్త్రీయ నామం ‘క్వెర్కస్ సూబెర్’లో ఉన్నదీ అదే. రెండోది ‘సబ్’, ‘ఇరోస్’ కలిసిన మాట. పురుగు కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉన్న అంచు ఇరోస్. ఆ లక్షణం కొద్దిగానే ఉంటే ముందు ‘సబ్’ చేరుతుంది. దీన్ని ‘సబిరోస్’ అని పలుకుతారు కనుక చెవికి తేడా తెలుస్తుంది. మధ్యలో అడ్డగీత లేకపోతే అచ్చులో మాత్రం తెలియదు.

అందుకని పక్కనున్న నామవాచకాన్ని చూడండి. కాండం, బెరడు, వేరు అయితే బెండు. ఆకు అంచు, పూరేకు కొన అయితే ‘కాస్త కొరికినట్టున్న’.

కాండానికి ‘బెండులాంటి’ కన్నా ‘బెండుబారిన’ నయం. పాసిఫ్లోరా సూబరోసా తీగనే తీసుకోండి: లేత కొమ్మలకు బెండు ఉండదు, మొదలు దగ్గర ముదిరిన కాండానికే కడుతుంది. ఇంకో చిక్కు మన ‘బెండు’తోనే ఉంది. ఆ మాట వినగానే మనవాళ్లకు తెల్లని జీలుగ బెండు గుర్తొస్తుంది. అది కాండం లోపలి మెత్తని భాగం, బెరడు కాదు. కాబట్టి మొదటిసారి వచ్చినచోట ‘బెరడు బెండు’ అని రాయడం మంచిది.

ప్రశ్న: సూబరస్, సూబెరిక్ కూడా ఇవే అర్థంలో వాడవచ్చా?

జవాబు: సూబరస్ వాడవచ్చు. సూబెరిక్ వద్దు; అది 8 కార్బన్ల సూబెరిక్ ఆమ్లానికి స్థిరపడిపోయింది. బెండు కణాల గోడల్లో నీటిని అడ్డుకునే పదార్థం సూబెరిన్. కోసిన బంగాళాదుంప ముక్క గాయం మానేటప్పుడు ఏర్పడేదీ ఇదే.

ప్రశ్న: కాండం బెండుబారిందో లేదో లాబ్‌లో తేల్చుకునేదెలా?

జవాబు: పలుచని అడ్డుకోత తీసి, 70 శాతం ఆల్కహాల్‌లో కరిగించి వడగట్టిన సుడాన్ 3 రంగులో 10–15 నిమిషాలు ఉంచండి. 50 శాతం ఆల్కహాల్‌తో ఒక్కసారి కడిగి, గ్లిజరిన్‌లో పెట్టి చూడండి. సూబెరిన్ ఉన్న గోడలు నారింజ ఎరుపుకు తిరుగుతాయి. ఎక్కువసేపు కడిగితే రంగు పోతుంది. మధ్యలో ఆల్కహాల్ ఆరిపోతే రంగు స్ఫటికాలు పేరుకుని మోసం చేస్తాయి. బాహ్యచర్మం మీద ఉండే క్యూటిన్ అనే మైనంలాంటి పదార్థం కూడా ఇదే రంగు పట్టుకుంటుంది. అయితే అది వెలుపలి వైపు ఒక్క పొరగానే కనిపిస్తుంది. బెండులోనైతే ఇటుకలు పేర్చినట్టున్న కణాల వరసల్లో చుట్టూ గోడలన్నీ ఎర్రబారతాయి.