ఘాటు ఎక్కేటప్పుడు ఆగిపోతున్న పాత పికప్ గురించి మా అల్లుడికి

అల్లుడూ,

రాత్రి పదకొండు గంటలప్పుడు ఘాటు మధ్యలో బండి ఆగిపోయిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఫోన్లో నువ్వు కంగారుగా చెప్పావు, నేనూ సగమే విన్నాను, అందుకే కూర్చొని రాస్తున్నాను.

నాకు అర్థమైంది ఇది. మదనపల్లె మార్కెట్లో టమాటా ఎత్తుకొని పీలేరు మీదుగా తిరుపతి దిగేటప్పుడు బండికి ఏ ఇబ్బందీ లేదు. తిరుగు ట్రిప్పులో దాణా బస్తాలు వేసుకొని రంగంపేట దాటి భాకరాపేట ఘాటు ఎక్కేటప్పుడు మాత్రం లాగుడు తగ్గిపోయి ఆగిపోతోంది, పది నిమిషాలు చూసి సెల్ఫ్ కొడితే మామూలుగా స్టార్ట్ అవుతోంది, అదీ ప్రతి ట్రిప్పులో కాదు. డీజిల్ ఫిల్టర్ రెండుసార్లు మార్చావు. ఇప్పుడు మెకానిక్, ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే పెద్ద పంపు దించాలి, 25 వేలు అవుతుంది అంటున్నాడు.

పంపు ఇప్పుడే దించనివ్వద్దు. అది చెడిపోయి ఉండొచ్చు, కాదనను, కానీ అది చివర్లో చూడాల్సిన సామాను, మొదట్లో కాదు. నీది పాత మెకానికల్ పంపు డీజిల్, కంప్యూటర్ నడిపే కామన్ రైల్ కాదు, స్కానర్ పెడితే తప్పు ఎక్కడుందో కోడ్ చెప్పే బండి కాదు. అది ఎలా ఆగుతోందో అదే దాని కోడ్, దాన్ని నువ్వే చదవాలి.

దానికంటే ముందు ఒక మాట. ఎక్కుడులో ఇంజన్ ఆగిపోతే పెడల్ తొక్కుడు తేలిక చేసే బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అయిపోతుంది. కాబట్టి బ్రేకు తొక్కుతూ వదులుతూ ఉండొద్దు, ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకొని హ్యాండ్ బ్రేక్ లాగి ఫస్ట్ గేరులో వేసెయ్, పవర్ స్టీరింగ్ అయితే అది కూడా బరువెక్కుతుంది, భయపడకు. పక్కన క్లీనర్ లేకుండా లోడుతో ఆ ఘాటు ఎక్కకు, వెనక చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు బండిలోనే ఉంచు, చీకట్లో రోడ్డు పక్కన రాయి వెతుక్కునే పని పెట్టుకోవద్దు. బండి బాగయ్యేవరకు రాత్రి ట్రిప్పు అసలు వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఈసారి ఆగినప్పుడు మూడు విషయాలు గమనించి వెంటనే ఫోన్లో రాసిపెట్టుకో, ఇంటికొచ్చాక గుర్తుండదు. ఆగే ముందు బండి ఎగపోసుకుంటూ, కాస్త లాగి కాస్త వదిలి మెల్లగా చచ్చిందా, లేక తాళం తిప్పినట్టు టక్కున ఆగిందా? ఆ చివరి క్షణంలో సైలెన్సర్ పొగ ఏ రంగు, అసలు పొగ వచ్చిందా? టాంకులో డీజిల్ ఎంత ఉంది?

టక్కున ఆగితే అది కరెంటు పని. పంపు మీద సోలినాయిడ్, అంటే కరెంటుతో డీజిల్ దారి తెరిచే చిన్న వాల్వు ఉంటే, దానికి 12 వోల్టులు అందుతున్నంతసేపే డీజిల్ లోపలికి పోతుంది, వైరు ఒక్క క్షణం వదిలినా ఇంజన్ ఆగిపోతుంది. లోడు మీద లో గేరులో లాగేటప్పుడు ఇంజన్ ఒక పక్కకు ఒరుగుతుంది, మౌంటింగ్ రబ్బర్లు పాతవైతే ఇంకా ఎక్కువ ఒరుగుతుంది, అప్పుడు బిగుతుగా ఉన్న వైరు లాగబడి కనెక్షన్ వదిలేస్తుంది. ఖాళీ బండిలో ఎంత చూసినా ఇది దొరకదు. సోలినాయిడ్ టెర్మినల్ నుంచి ఒక వైరు లాగి డాష్‌బోర్డు మీద చిన్న బల్బు పెట్టుకో, ఆగే ముందు బల్బు ఆరిందంటే పంపు మీద అనుమానం అక్కర్లేదు, కీ స్విచ్ నుంచి సోలినాయిడ్ వరకు వైరు చూసుకో. ఇంటి తాళాలు, షెడ్డు తాళాలు అన్నీ ఆ కీకే వేలాడదీసి ఉంటావు, ఆ బరువుకు కూడా స్విచ్ లూజవుతుంది, తీసెయ్.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ బండి మెల్లగానే చస్తోందని నాకనిపిస్తోంది. అంటే ఆకలి. లోడు మీద ఇంజన్ అడిగినంత డీజిల్ అందడం లేదు. ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ అడుగుతుంది కాబట్టి సర్దుకుపోతుంది.

రూపాయి ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టు. ఆగిన వెంటనే దిగి డీజిల్ టాంకు మూత తిప్పు. బుస్సున గాలి లోపలికి లాగిందంటే మూతలోని గాలి రంధ్రం పూడిపోయింది. టాంకులో డీజిల్ తగ్గేకొద్దీ దాని జాగాలోకి గాలి రావాలి, రాకపోతే లోపల వాక్యూమ్ పట్టి పంపుకు డీజిల్ రాదు, పది నిమిషాలు ఆగితే మెల్లగా గాలి చేరి మళ్ళీ స్టార్ట్ అవుతుంది. అసలు మూత పోతే షాపులో దొరికింది ఏదో ఒకటి బిగించిన బండ్లలో ఇది నేను చాలా చూశాను. నీ మూత మార్చారేమో మీ నాన్నను అడుగు.

మూత బాగుంటే క్యాను పరీక్ష చెయ్. నా నలభై ఏళ్ళ పనిలో దీన్ని మించిన పరీక్ష నాకు దొరకలేదు. ఐదు లీటర్ల శుభ్రమైన క్యానులో వడగట్టిన డీజిల్ పోసి, టాంకు నుంచి వచ్చే పైపు తీసేసి, కొత్త పైపుతో ఆ క్యాను నుంచే ఫీడ్ పంపుకు, అంటే టాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపుకు కలుపు. మిగిలిన డీజిల్ వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు కూడా క్యానులోకే పెట్టు, లేకపోతే క్యాను తొందరగా ఖాళీ అయిపోతుంది. సైలెన్సర్ వేడి తగలని చోట, కదలకుండా తాడుతో గట్టిగా కట్టు, మూతకు గాలి పోయే రంధ్రం పెట్టడం మరిచిపోకు. బస్తాల లోడు వేసుకొని ఘాటులో కాకుండా ఊరి దగ్గర ఏదైనా మంచి ఎక్కుడు చూసుకొని పగటి పూట లాగించు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. క్యాను పంపు కంటే ఎత్తులో కడితే డీజిల్ దానంతట అదే దిగుతుంది, ఫీడ్ పంపు బలహీనంగా ఉన్నా తెలియదు, జాయింట్లలో గాలి లాగే జబ్బు కూడా దాక్కుంటుంది. అందుకని మొదట ఎత్తులో పెట్టి ఒకసారి, తర్వాత టాంకు ఉన్న ఎత్తులోనే చాసిస్‌కు కట్టి ఇంకోసారి చూడాలి. రెండుసార్లూ బాగా లాగితే తప్పు టాంకులోనో, టాంకు నుంచి వచ్చే పైపులోనో ఉన్నట్టు. ఎత్తులో బాగుండి కింద పెడితే ఆగితే ఫీడ్ పంపు, లేదా దాని చుట్టూ ఉన్న వాషర్లు. రెండుసార్లూ ఆగితే, అప్పుడు ఫిల్టర్ తర్వాతి సామాను, అంటే పెద్ద పంపు గురించి మాట్లాడుకోవచ్చు.

నా బండికి ఏమైందో చెప్తాను. మూడు నెలలు ఇలాగే ఏడిపించింది. ఫిల్టర్లు మార్చాం, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు టెస్ట్ చేయించాం, టాంకు దించి కడిగాం. చివరికి ఒక ముసలి మెకానిక్ వచ్చి టాంకు నుంచి వచ్చే రబ్బరు పైపును కత్తితో నిలువునా చీల్చి చూపించాడు. బయట కొత్తదానిలా ఉంది, లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. పంపు గట్టిగా లాగినప్పుడల్లా ఆ నాలుక పైపును మూసేస్తుంది, ఇంజన్ ఆగగానే మళ్ళీ తెరుచుకుంటుంది. ఊదితే గాలి పోతుంది, చూస్తే ఏమీ కనిపించదు. ఆ రోజు నుంచి పాత బండి నా దగ్గరికి వస్తే నేను మొదట రబ్బరు పైపులన్నీ మార్చేస్తాను, నువ్వూ మార్చెయ్, డీజిల్‌కు పనికొచ్చే మంచి పైపే వెయ్, నీళ్ళ పైపు వేయకు.

మార్చేటప్పుడు ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య ఒక జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు వేసి చూడు. ఇంజన్ రేజ్ చేసినప్పుడు బుడగలు కనిపిస్తే ఎక్కడో గాలి లాగుతోంది. టాంకు నుంచి ఫీడ్ పంపు వరకు లీకు ఉంటే డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే తడి వెతికితే దొరకదు. డీజిల్ పైపు చివర్లను బిగించే బాంజో బోల్టుల రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి వెయ్, రబ్బరు పైపు మీది జూబ్లీ క్లిప్పులు బిగించు, చేత్తో డీజిల్ కొట్టే ప్రైమర్ సీలు చూడు.

డీజిల్ లెవెల్ ఎందుకు అడిగానంటే, ఫుల్ టాంకుతో ఎప్పుడూ ఆగకుండా సగం దిగాకే ఆగుతోందంటే టాంకులో డీజిల్ లాగే గొట్టానికి మధ్యలో పగులు ఉండొచ్చు. పగులు డీజిల్‌లో మునిగి ఉన్నంతవరకు ఏమీ కాదు, బయటపడగానే గాలి లాగుతుంది. ఆ గొట్టం చివరి జాలీకి చెత్త అతుక్కున్నా ఇలాగే చేస్తుంది, ఇంజన్ ఆగాక చెత్త కిందికి దిగిపోతుంది. ఫిల్టర్ కింది ప్లగ్ విప్పి గాజు సీసాలోకి కాస్త పట్టి పెట్టుకో, అడుగున నీళ్ళు గానీ నల్లటి జిగురు గానీ కనిపిస్తే టాంకు కడగకుండా ఇంకో ఫిల్టర్ కొనకు.

నల్లపొగ బాగా వచ్చి ఆగితే మాత్రం గాలి తక్కువైనట్టు, ఎయిర్ క్లీనర్, దాని గొట్టం చూడు. టెంపరేచర్ ముల్లు పైకి పోయి ఆగితే అది వేరే జబ్బు, మళ్ళీ సెల్ఫ్ కొట్టకుండా చల్లారనిచ్చి నాకు ఫోన్ చెయ్.

పంపు విషయం ఎప్పుడు నమ్ముతానంటే, క్యాను పరీక్ష రెండుసార్లూ ఫెయిలై, బండి వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకుండా, పంపు మీద తడి గుడ్డ కాసేపు వేశాక స్టార్ట్ అయితే. రోటరీ పంపు లోపల అరిగిపోతే వేడికి డీజిల్ పలచనై ప్రెషర్ నిలవదు, చల్లబడితే కాస్త నిలుస్తుంది. అప్పుడు కూడా దించిన పంపును టెస్ట్ బెంచ్ మీద పెట్టి నీ కళ్ళ ముందే చూపించమను, చూపించని చోట ఇవ్వకు.

ఆదివారం మార్కెట్ లోడు లేదన్నావు కదా. శనివారం సాయంత్రానికే పైపులు, క్లిప్పులు, రాగి వాషర్లు తెచ్చిపెట్టుకో. క్యాను కట్టేటప్పుడు వీడియో కాల్ చెయ్, నేను ఉదయం ఏడు నుంచి ఇంట్లోనే ఉంటాను.

మీ మామ