నెదర్లాండ్స్‌లో శని, ఆదివారాలు: చేతిపనులు చూడాలంటే ఎటు వెళ్లాలి?

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటూ రెండు రోజుల్లో డచ్ సంప్రదాయ చేతిపనులు ఎక్కడ చూడవచ్చని అడిగారు. ఇక్కడే ఉద్యోగం చేస్తూ, ఇండియా నుంచి వచ్చిన బంధువులను తిప్పిన అనుభవంతో చెబుతున్నాను: ఒక్క రోజులో నాలుగు ఊళ్లు చూపిస్తామనే బస్సు టూర్ల జోలికి పోకండి. చివరికి మీకు మిగిలేది దుకాణాల దర్శనమే.

శనివారం పాత గాలిమరలున్న జాన్సే స్ఖాన్స్ అనే ఊరికి వెళ్లండి. సెంట్రల్ స్టేషన్ నుంచి లోకల్ రైల్లో ఇరవై నిమిషాలు కూడా పట్టదు, దిగాక కొంచెం నడక. టూరిస్టు బస్సులు వచ్చేలోపే చేరుకోవాలి, ఆ తర్వాత అంతా ఫోటోల జాతరే. చాలామంది గాలిమరల ముందు ఫోటో దిగి వెనుదిరుగుతారు. మీరు మాత్రం టికెట్ కొని లోపలికి వెళ్లండి. 'హెట్ యోంగె స్ఖాప్' అనే మరలో దుంగలు కోస్తారు. పైన రెక్కలు గుండ్రంగా తిరుగుతుంటే, వంపులు తిరిగిన ఇనుప ఇరుసు ఒకటి ఆ తిప్పుడును రంపాల పైకీ కిందికీ ఊపుగా మారుస్తుంది. 1590ల్లో కోర్నెలిస్ కోర్నెలిస్‌జోన్ ఈ ఏర్పాటు కనిపెట్టాకే ఓడలకు కావలసిన పలకలు ఇక్కడ చకచకా తయారయ్యాయి. పక్కనే రంగులు నూరే 'డె కాట్' ఉంది. అందులో పెద్ద రాతి చక్రాలు దొర్లుతుంటే కాళ్ల కింద చెక్క నేల అదురుతుంది. గాలి లేకపోతే ఇవేవీ కదలవు కాబట్టి ముందే వాతావరణం చూసుకుని, అవసరమైతే శని, ఆదివారాల కార్యక్రమాలను అటూ ఇటూ మార్చుకోండి.

చెక్క చెప్పుల తయారీ కూడా అక్కడే చూపిస్తారు. పచ్చి చెక్కతో అప్పుడే చెక్కిన చెప్పులోకి గట్టిగా ఊదితే నీళ్లు బయటికి చిమ్ముతాయి, పిల్లలకు భలే సరదా. చీజ్ దుకాణంలో రుచికి ముక్కలు పెడతారు. శుద్ధ శాకాహారులైతే దూడ కడుపు నుంచి తీసే రెనెట్ వాడారేమో అడిగి తినండి.

ఆదివారం డెల్ఫ్ట్. రైల్లో గంట ప్రయాణం. నీలి బొమ్మల మట్టిపాత్రలు చేసే రాయల్ డెల్ఫ్ట్ కర్మాగారం 1653లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. సూదితో చిల్లులు పొడిచిన కాగితం మీద బొగ్గుపొడి అద్ది, ముందు బొమ్మ ఆనవాలు దింపుతారు. దాని మీద కుంచెతో వేసే కోబాల్ట్ రంగు చూడటానికి నల్లగా ఉంటుంది. గ్లేజు (గాజులా మెరిసే పూత) పోసి కొలిమిలో కాల్చాకే ఆ పేరుమోసిన నీలం బయటపడుతుంది. 1640ల్లో చైనాలో యుద్ధాల వల్ల పింగాణీ రాక తగ్గినప్పుడు ఆ లోటు పూడ్చి పైకి వచ్చిన ఊరిది. కూడలి చుట్టూ దుకాణాల్లో చవగ్గా దొరికేవి చాలావరకు అచ్చువేసినవే. పళ్లెం తిప్పి, అడుగున చిత్రకారుల పొడి అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి.

ఇంకో రోజు కలిస్తే ఫ్రీస్‌లాండ్ రాష్ట్రంలోని హిండెలోపెన్ అనే ఊరికి వెళ్లండి. అక్కడి మ్యూజియంలో స్త్రీల పాతకాలపు పొడవాటి పూల కోట్లు ఉన్నాయి. ఆ అద్దకపు బట్టను డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలు కోరమాండల్ తీరం నుంచి మోసుకెళ్లేవి. మచిలీపట్నంలో ఆ కంపెనీ 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే స్థావరం పెట్టింది. డచ్ సంప్రదాయ దుస్తుల్లో మన తీరపు పనితనం కనిపించడం నాకైతే గాలిమరల కంటే ఎక్కువ నచ్చింది. రానూపోనూ సగం రోజు రైల్లోనే గడుస్తుంది, అయినా టూరిస్టులు ఎగబడే వోలెండామ్ ఊరు మానేసి ఇక్కడికే వెళ్లమంటాను.